అలుగు మట్టం

వీరాంజనేయులు మాస్టారి ఇల్లు ఒక పక్కకు దిగుతోందన్న సంగతి అందరికంటే ముందు ఒక నిమ్మకాయకు తెలిసింది.

వెంకటరావమ్మ వంటింట్లో కత్తిపీట ముందు కూర్చుంటే ఆ నిమ్మకాయ చేతిలోంచి జారింది. జారిన కాయ నాలుగు పొర్లు పొర్లి ఆగాలి. ఇది ఆగలేదు. వంటింట్లోంచి హాల్లోకి వచ్చి, మాస్టారు కూర్చున్న పడక్కుర్చీ కింద నుంచి దూరి, ఎవరో పిలిచినట్టు నింపాదిగా ఈశాన్యం మూలనున్న దేవుడి గదిలోకి వెళ్ళి, పటాల ముందు ఆగింది.

"ఏమండీ, ఇల్లు వాలిపోతోంది" అంది వెంకటరావమ్మ.

మాస్టారు పేపరు పక్కన పెట్టి, నిమ్మకాయను తెచ్చి మళ్ళీ వంటింట్లో వదిలారు. అది మళ్ళీ దేవుడి దగ్గరికే పోయింది. ఆయన మొహం వెలిగిపోయింది.

"వాలిపోవడం కాదే, ఈశాన్యం దిగుతోంది. ఈశాన్యం పల్లమైతే ఐశ్వర్యం. జనం కూలీల్ని పెట్టి దింపించుకుంటారు, మనకి ఊరికే దిగింది."

"ఇంకో రెండేళ్ళు పోతే నేను కూడా ఇట్టాగే దొర్లుకుంటూ దేవుడి దగ్గరికి పోతానేమో" అంది ఆవిడ, నిమ్మకాయ కడుక్కుంటూ.

ఇది రెండువేల మూడో సంవత్సరం మాట. ఈ కథ ఇప్పుడు మాస్టారే చెప్పుకుంటారు, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ కూడా. "ఆ రోజు నిమ్మకాయకున్న ఇంగితం నాకుంటే" అని మొదలుపెట్టి, తన బుర్ర తక్కువతనాన్ని ఒక్కొక్క పొరా ఒలిచి చూపిస్తారు. ఒలిచేకొద్దీ ఉల్లిపాయలాగే కళ్ళల్లో నీళ్ళు వస్తాయి, అది వేరే సంగతి.

మాస్టారి సొంతూరు సత్తెనపల్లి పక్కన. అన్నదమ్ములు పత్తీ మిరపా వేసుకుని మట్టితో బతికారు. ఈయన ఒంగోలు వచ్చి, స్కూల్లో డ్రాయింగు మాస్టరుగా ముప్ఫయ్యేళ్ళు, చేతికి మట్టి అంటకుండా బతికారు. ఆయన చేతిరాతకు ఊళ్ళో గొప్ప పేరు. నోటీసు బోర్డు, సన్మాన పత్రం, షాపు బోర్డు, ఏది రాయాలన్నా ఆయనే. "ముత్యాల్లాంటి అక్షరాలండీ" అంటే చాలు, మాస్టారికి ఆ పూట అన్నం అక్కర్లేదు. ఆ అక్షరాలు చెప్పే విషయం నిజమో కాదో ఎవరూ అడగలేదు. ఆయనా తనను తాను ప్రశ్నించుకోలేదు.

తొంభై ఆరులో రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఇళ్ళ ప్లాన్లు గీయడం మొదలుపెట్టారు. అవి వాస్తు గాలి ముదిరిన రోజులు. కాస్త డబ్బున్నవాడు బాగున్న గోడ ఒకటైనా పగలగొట్టకపోతే చులకనగా చూసేవాళ్ళు. త్రినాథ్ అనే మిర్చి వ్యాపారి ఇంటి ప్లాను గీయమన్నాడు. మాస్టారు గీసి, అంతటితో ఊరుకోక, బస్టాండులో కొన్న అరవై పేజీల వాస్తు పుస్తకం తిరగేసి, గేటు ఈశాన్యానికి జరపమన్నారు. త్రినాథ్ జరిపాడు. నెల తిరక్కుండా మిర్చి ధర ఎగబాకింది. ఆ ఏడు గుంటూరు యార్డులో ధర అందరికీ ఎగబాకింది, గేటు జరపనివాళ్ళకీ, అసలు గేటే లేనివాళ్ళకీ కూడా. కానీ జరిపినవాడు త్రినాథ్ ఒక్కడే కాబట్టి ఆ ఘనత మాస్టారికి దక్కింది. డ్రాయింగు మాస్టారు కాస్తా వాస్తు సిద్ధాంతి అయిపోయారు.

ఊరికి తూర్పున తామరకుంట అని ఉండేది. చుట్టుపక్కల వాననీళ్ళన్నీ అందులో చేరేవి. కుంట నిండితే, ఎక్కువైన నీళ్ళు దక్షిణపు గట్టులో రాళ్ళతో కట్టిన అలుగు మీదుగా పొర్లి, వాగులో పడి, కొత్తపట్నం వైపు సముద్రానికి పోయేవి. వందేళ్ళ నుంచీ ఆ అలుగు తన పని తాను, ఎవరి సలహా అడక్కుండా చేసుకుంటోంది. తొంభై ఏడులో త్రినాథూ మరో నలుగురూ ఆ కుంటను ఎలా సంపాదించారో సంపాదించి, మట్టి తోలించి, ప్లాట్లు వేసి, ఐశ్వర్యనగర్ అని పేరు పెట్టారు. దిక్కులు చూడ్డానికి మాస్టారిని పిలిచారు.

మాస్టారు గట్టెక్కి, దిక్సూచి అరచేతిలో పెట్టుకుని, కళ్ళు సగం మూసి చెప్పారు. "దక్షిణానికి నీరు పారకూడదు. అది యముడి దిక్కు, యజమాని ఆయుష్షుకు చేటు. ఆ అలుగు మూసెయ్యండి. రోడ్లన్నీ ఈశాన్యానికి వాలు పెట్టండి. ప్రతి ఇంటికీ ఈశాన్యంలోనే బోరు వెయ్యండి."

అక్షరం పొల్లుపోకుండా అలాగే చేశారు. మూసిన అలుగు మీద చిన్న ముక్క మిగిలితే, అది మాస్టారికే గౌరవంగా ఇచ్చారు. ఆయన అక్కడ మెరక తోలించి ఇల్లు కట్టుకుని, సరిగ్గా అలుగు ఉన్నచోట ఒక గది వేయించి, "వాస్తు సలహా కేంద్రం" అని ఎర్ర ఎనామిల్ పెయింటుతో బోర్డు రాసి తగిలించారు. బోర్డు మాత్రం చూడముచ్చటగా ఉండేది.

రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన హుస్సేన్ సాహెబ్ కూడా బోరు ఈశాన్యంలోనే వేయించాడు. "నాకు ఈ పట్టింపులు లేవు మాస్టారూ. రేపు అమ్మబోతే కొనేవాడికి ఉంటాయిగా" అన్నాడు. వాస్తుశాస్త్రం మొత్తం ఆ ఒక్క మాటలోనే ఉందని మాస్టారికి చాలా ఆలస్యంగా తెలిసింది.

ఇక కాలనీ నీళ్ళన్నీ పోయి చేరే ఈశాన్యం మూల ప్లాటు. అది ఈశ్వర స్థానమనీ, అక్కడ కాపురం పనికిరాదనీ మాస్టారు చెప్పడంతో దాన్ని ఎవరూ కొనలేదు. చివరికి చౌకగా వస్తే జక్రయ్య కొనుక్కున్నాడు. మున్సిపాలిటీలో నీళ్ళ పైపుల ఫిట్టరుగా ముప్ఫయ్యేళ్ళు చేసిన మనిషి. తనూ భార్య వీరమ్మా ఇటుకలు మోసుకుని, సిమెంటుకు స్తోమత చాలని చోట బంకమట్టితో పేర్చుకుని, మూడు గదులు లేపుకున్నారు. ఆదివారం చర్చి, మిగతా రోజులు ఎవరింట్లో పంపు కారినా జక్రయ్య.

మొదట్లో ఐశ్వర్యనగర్ నీళ్ళు కొబ్బరినీళ్ళే. ఒంగోల్లో బోరు వేసి తియ్యనీళ్ళు తాగడమంటే మాటలు కాదు. ఊరు ఊరంతా బిందెలు వరస పెట్టుకుని ట్యాంకరు కోసం కాచుకుంటే, ఐశ్వర్యనగర్‌లో స్కూటర్లు కడిగేవాళ్ళు, స్కూటర్లు అయిపోతే రోడ్లు కడిగేవాళ్ళు. త్రినాథ్ నాలుగు ట్యాంకర్లు పెట్టి, పొద్దస్తమానం తోడి ఊళ్ళోకి తోలేవాడు. కుంట వందేళ్ళ పాటు భూమిలోకి దింపి దాచిన నీళ్ళను ఆరేళ్ళలో పైకి లాగేశారు.

అప్పుడు దొర్లింది నిమ్మకాయ. తర్వాత ఒక్కో ఇంట్లో ఈశాన్యం గోడలు బీటలిచ్చాయి. జనం ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సలహా కేంద్రానికి పరుగెత్తుకొచ్చారు. "ఈశాన్యమేగా దిగింది? శుభం" అన్నారు మాస్టారు. హమ్మయ్య అనుకుని, బీటలకు పసుపు రాసి బొట్టు పెట్టుకున్నారు. తన ఇంటి మూల నాలుగు వేళ్ళు కుంగిందని త్రినాథ్ వీధంతా మైసూర్‌పాకు పంచాడు. ఇల్లు కుంగుతుంటే మిఠాయి తిన్న మనుషులు భూమ్మీద తామేనని మాస్టారు ఇప్పటికీ చెబుతారు. తను రెండు ముక్కలు తిన్నారట.

ఆ తర్వాత వెంకటరావమ్మ ఇంట్లో కందిపప్పు ఉడకడం మానేసింది. రెండు గంటలు పొయ్యి మీద పెట్టినా పలుకు పలుకుగానే ఉంది. టీ తాగితే ఉప్పగా తగిలింది. మోటారు చెడిందేమో చూడమని జక్రయ్యను పిలిపించారు.

జక్రయ్య మోటారు జోలికి పోలేదు. ఒక బకెట్టు నీళ్ళు పట్టి, పావుగంట కదలకుండా పెట్టి, మెల్లగా ఒంపాడు. అడుగున వేలెడు మందాన సన్నటి ఒండ్రు మిగిలింది.

"మోటారు మంచిదే సార్. మీరు నీళ్ళు ఒక్కటే తోడటం లేదు, మీ ఇంటి కింద మట్టి కూడా తోడుతున్నారు. అసలే పూడ్చిన కుంట. కింద నీళ్ళు తీసేస్తే పైన మట్టి కూచుంటది. కూచోకేం చేస్తది?"

"మరి ఈ ఉప్పు?"

"తియ్యనీళ్ళు ఖాళీ చేస్తే ఆ చోటు అట్టాగే ఉండిపోతదా సార్? పది మైళ్ళలో సముద్రం ఉంది. అడుగు నుంచి వస్తంది."

జక్రయ్య బకెట్టు కడిగి బోర్లించి, అసలు మాట బయటపెట్టాడు. "రెండేళ్ళుగా సరైన వాన లేక బతికిపోతున్నాం. పెద్ద వాన పడితే నీళ్ళన్నీ మా ఇంటికొచ్చి నిలబడతాయి సార్. పాత అలుగు తెరిస్తే పోతాయి. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఒకసారి మట్టం చూద్దాం, మీకే తెలుస్తది."

ఆ వచ్చే ఆదివారం చర్చి అయ్యాక, మేస్త్రీలు మట్టం చూసే సన్న ప్లాస్టిక్ పైపు పట్టుకొచ్చాడు. అందులో నీళ్ళు నింపితే రెండు కొసల్లోనూ ఒకే ఎత్తున నిలబడతాయి. అబద్ధం చెప్పడం చేతకాని పనిముట్టు. ఒక కొస మాస్టారు, ఒక కొస జక్రయ్య పట్టుకుని, మాస్టారి పెరటి దక్షిణం గోడ వెనక సర్కారు తుమ్మ పొదల్లో ఇంకా కనబడుతున్న అలుగు రాళ్ళ దగ్గర మొదలుపెట్టి, అంచెలంచెలుగా జక్రయ్య ఇంటిదాకా మట్టం తెచ్చారు. అది వీధి గడపకు జానెడు కింద, పునాది గోడ మీద తేలింది. అంటే అలుగు తెరిచి ఉంటే ఎంత వాన పడినా నీళ్ళు ఆ ఇంట్లోకి రావు.

మాస్టారికి ఉత్సాహం ఆగలేదు. ఇంటికెళ్ళి బోర్డు రాయగా మిగిలిన ఎర్ర ఎనామిల్ డబ్బా, కుంచె తెచ్చారు. గోడ మీద స్కేలు పెట్టినంత తిన్నగా గీత గీసి, కింద రాశారు: "అలుగు మట్టం. నీళ్ళు ఈ గీత దాటవు. 9-11-2003. వీరాంజనేయులు."

వీరమ్మ బయటికొచ్చి చూసి, "ఎంత బాగా రాశారండీ మాస్టారూ" అంది.

ఆ పొగడ్త చెవిలో ఇంకా మోగుతుండగానే, తను రాసిందానికి అర్థమేమిటో మాస్టారి బుర్రకెక్కింది. అలుగు తెరవాలంటే దక్షిణం గోడ పగలాలి, సలహా కేంద్రం కూలాలి. అదంతా ఒక ఎత్తు. కాలనీ ముందు నిలబడి, మీ రోడ్లు తప్పు, మీ బోర్లు తప్పు, మీరు తిన్న మైసూర్‌పాకు తప్పు, అన్నీ నేను చెప్పినవే అనడం ఇంకో ఎత్తు.

"మీరు ఒక్క మాట చెప్పండి చాలు సార్. మేం చెబితే ఎవరు వింటారు? మీ మాట వేదం" అన్నాడు జక్రయ్య.

"చెబుతాను జక్రయ్యా. మంచి రోజు చూసి చెబుతాను. నాలుగు రోజులు ఆగు" అన్నారు మాస్టారు.

ఊరందరికీ శంకుస్థాపనలకూ గృహప్రవేశాలకూ వేళ్ళ మీద లెక్కపెట్టి మంచి రోజులు చూసిన మనిషికి, రెండేళ్ళలో ఒక్క మంచి రోజు దొరకలేదు. సోమవారం చెబుదామంటే త్రినాథ్ ఊళ్ళో లేడు. గురువారం అష్టమి. పోనీ కాలనీ సంఘం మీటింగులో చెబుదామని రెండుసార్లు లేచి నిలబడ్డారు. లేచినందుకు జనం చప్పట్లు కొట్టారు, ఈయన కూర్చున్నారు. రాత్రి అన్నం దగ్గర వెంకటరావమ్మ "చెప్పారా?" అని అడగడం, ఈయన "పులుసులో ఉప్పు తక్కువైంది" అనడం అలవాటైపోయింది. బోరు నీళ్ళతో కాచిన పులుసులో ఉప్పు తక్కువయ్యే అవకాశమే లేదు.

మాస్టారికి సిగ్గుగా ఉండేది. ఇది నిజం. కానీ ఆయనకు సిగ్గుకంటే పరువు మీద ప్రేమ ఎక్కువ. జక్రయ్య వీధిలోంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవారు. ఆ క్రిస్మస్‌కు జక్రయ్య ఇంటికి సున్నం వేసుకున్నాడు. ఒకరోజు తప్పనిసరై అటుగా వెళితే, పునాది గోడ తెల్లగా మెరుస్తోంది. గీత లేదు, అక్షరాలు లేవు. మాస్టారు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. పండగ సున్నం తన పాలిట దేవుడిలా వచ్చిందనుకున్నారు.

మరుసటేడు కూడా వాన మొహం చాటేసింది. అది కూడా కలిసొచ్చింది.

రెండువేల అయిదు అక్టోబరులో వాన వచ్చింది. రెండేళ్ళ బాకీ వడ్డీతో సహా తీర్చడానికి వచ్చినట్టు రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఎడతెరిపి లేకుండా కురిసింది. రోడ్లు మాస్టారు చెప్పినట్టే బుద్ధిగా నీళ్ళను ఈశాన్యానికి పంపాయి. అక్కడ పాత గట్టు అడ్డం పడింది. కుంట ఎనిమిదేళ్ళ తర్వాత తన ఇంటికి తాను తిరిగొచ్చింది, ఈసారి మనుషులతో సహా.

మూడోరోజు పొద్దున్నే ఎవరో తలుపు తట్టారు. మోకాలి లోతు నీళ్ళలో జక్రయ్య, హుస్సేన్ సాహెబ్ చెరో పక్కా పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో చెక్క కుర్చీలో వీరమ్మ. నెల కిందట వంటింట్లో చెమ్మకు జారిపడి కాలు విరగ్గొట్టుకుంది, ఇంకా కట్టు ఉంది. మాస్టారి ఇల్లు మెరక మీద ఉండటంతో లోపలికి నీళ్ళు రాలేదు.

వెంకటరావమ్మ ఎదురెళ్ళి, "రా వీరమ్మా, రా తల్లీ" అని తన మంచం మీద పడుకోబెట్టి, పొడి చీర తెచ్చి కప్పింది.

"మా గదిలో మంచం పట్టె దాకా వచ్చాయి సార్" అన్నాడు జక్రయ్య, ఎవరింటి సంగతో చెబుతున్నట్టు. "మట్టితో పేర్చిన గోడలు. ఇప్పటికే రెండు రోజులు నానాయి. నీళ్ళు ఇట్టాగే ఉంటే సాయంత్రానికి ఇల్లు కూచుంటది."

అంతే అన్నాడు. అలుగు పేరెత్తలేదు. ఎత్తితే బావుండేదని మాస్టారికి అనిపించింది. కోప్పడితే బదులు చెప్పడానికి ఏదో ఒకటి వెతుక్కునేవారు. అడగని మనిషికి ఏం చెబుతారు? వీరమ్మ కళ్ళు మూసుకుని పడుకుంది. ఆమె కాలి కట్టులోంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారి, నేల మీద చిన్న పాయగా కట్టి, మెల్లగా ఈశాన్యానికి పారుతున్నాయి.

వెంకటరావమ్మ పెరట్లోకి వెళ్ళి గడ్డపార తెచ్చి, మొగుడి ముందు గోడకు ఆనించింది.

"మంచి రోజు వచ్చిందా, ఇంకా చూడాలా?" అంది.

మాస్టారు పంచె ఎగ్గట్టి వానలోకి దిగారు. దక్షిణం గోడ ముందు గడ్డపార ఎత్తి, పొడవకుండానే దించారు. అరవై ఏడేళ్ళ వయసొక కారణం. రెండో కారణం చెప్పుకోవడానికి ఇప్పటికీ ఆయనకు నవ్వొస్తుంది. దక్షిణానికి నీళ్ళు వదిలితే యజమాని ఆయుష్షు తీరుతుందని తనే కదా చెప్పింది? బస్టాండు పుస్తకంలో ఏ పేజీలో ఉందో కూడా గుర్తులేని ముక్క. ఎనిమిదేళ్ళు ఇంతమందిని భయపెట్టీ పెట్టీ, ఆ భయం చివరికి పెంచినవాడి కాలే పట్టుకుంది.

"పోతే పోయాను" అని ఒక్క పోటు పొడిచారు.

గోడ ఆయన అనుకున్నంత గట్టిది కాదు. జక్రయ్య, హుస్సేన్ సాహెబ్ కూడా పారలు పట్టారు. గోడ పడింది. తర్వాత సలహా కేంద్రం. మొదటి దెబ్బకే బోర్డు ఊడి, అక్షరాలు పైకి చూస్తూ బురదలో పడింది. మాస్టారు దాని మీద కాలు పెట్టి నిలబడి, కింద మెరక తవ్వారు. బురదలో జారకుండా నిలబడ్డానికి ఆ చెక్క బాగా పనికొచ్చింది.

ఎదురు మేడ మీద నుంచి త్రినాథ్ గావుకేకలు పెట్టాడు. "మాస్టారూ! అది దక్షిణమండీ! దక్షిణం!"

"దక్షిణమేనయ్యా! నీళ్ళకి నీ దిక్కులు తెలీవు, నా దిక్కులూ తెలీవు!" అని ఈయన అరిచారు.

మధ్యాహ్నం పన్నెండింటికి గడ్డపార రాయికి ఖంగున తగిలింది. పాత అలుగు. ఆఖరి మట్టిపెళ్ళ లాగగానే నీళ్ళు వచ్చాయి. గేటులోంచి దూరి, పెరడంతా నింపి, అలుగు మీద నుంచి దూకి, తుమ్మ పొదల్ని తోసుకుంటూ పాత వాగులో పడ్డాయి. వందేళ్ళ దారిని ఎనిమిదేళ్ళలో మరిచిపోలేదు. వాటితోపాటు మాస్టారి తులసి కుండీ, కూలిన గదిలోని పడక్కుర్చీ, వాస్తు పుస్తకం కూడా సముద్రానికి బయల్దేరాయి. మాస్టారు బురదలో చతికిలబడి చూస్తూ ఉండిపోయారు. చావలేదు. కాస్త దగ్గు మాత్రం వచ్చింది.

మూడు గంటలకు జక్రయ్య వంటింటి గోడ కూలిందని కబురొచ్చింది. మిగతా రెండు గదులూ నిలబడ్డాయి. సాయంత్రానికి నీళ్ళు గడప దిగాయి. రెండు రోజుల ముందు పొడిచి ఉంటే వంటిల్లు కూడా నిలిచేదని ఎవరూ అనలేదు. మాస్టారు మాత్రం ఆ రాత్రంతా అదే అనుకున్నారు.

అసలు శిక్ష తర్వాత మొదలైంది. నాలుగో రోజు త్రినాథ్ పళ్ళబుట్ట పట్టుకుని వచ్చాడు.

"మాస్టారూ, ఇంత వానలో కాలనీ మొత్తాన్ని కాపాడారు. దక్షిణం తెరవడంలో ఏదో రహస్యం ఉంది. మాక్కూడా చెప్పండి."

"రహస్యమేం లేదయ్యా. నీళ్ళు పల్లానికి పోతాయి. అంతే."

త్రినాథ్ భక్తిగా తల ఊపాడు. "పెద్దవాళ్ళు ఇట్టాగే మర్మంగా చెబుతారు" అని వెళ్ళి, కొబ్బరికాయ కొట్టి తన దక్షిణం గోడకు రంధ్రం పెట్టించాడు. వారం తిరిగేసరికి మరో ఆరు ఇళ్ళ దక్షిణం గోడలకు బొక్కలు పడ్డాయి. ఆ ఇళ్ళకు అలుగుతో ఏ సంబంధమూ లేదు. ఆ బొక్కల్లోంచి వీధి కుక్కలు మాత్రం సుఖంగా తిరిగాయి. మాస్టారు ఇల్లిల్లూ తిరిగి, తనకేమీ తెలియదని, ఇన్నాళ్ళూ చెప్పిందంతా తప్పని మొత్తుకున్నారు. అబద్ధం చెప్పినప్పుడు ఒక్కడూ ఎదురు అడగలేదు. నిజం చెబుతుంటే ఒక్కడూ నమ్మలేదు. "ఎంత నిగర్వి!" అన్నారు.

చివరికి విసుగెత్తి, "రండి, చూపిస్తాను. మట్టం అంటే ఏమిటో కళ్ళతో చూద్దురు గాని" అని పదిమందినీ వెంటబెట్టుకుని జక్రయ్య ఇంటికి బయల్దేరారు. కొత్తగా మట్టం తీసి చూపించాలన్నది ఆయన ఉద్దేశం.

జక్రయ్య కూలిన గోడ ఇటుకలు ఏరి పేర్చుకుంటున్నాడు. వీరమ్మ గుమ్మం పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. మూడు రోజులు నీళ్ళలో నానిన సున్నం గోడ మీద నుంచి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది. ఊడిన చోట ఎర్ర ఎనామిల్ గీత నిన్న గీసినంత కొత్తగా మెరుస్తోంది.

త్రినాథ్ వంగి, పైకి చదివాడు. "అలుగు మట్టం. నీళ్ళు ఈ గీత దాటవు. తొమ్మిదో తారీఖు, పదకొండో నెల, రెండువేల మూడు. వీరాంజనే..." పేరు పూర్తి చేయలేదు.

ఆ గీతకు రెండున్నర అడుగుల పైన, గోడ మీద వరద మిగిల్చిన బురద చార ఉంది. అందరి కళ్ళూ గీత నుంచి చార దాకా పైకి వెళ్ళి, మళ్ళీ గీత దగ్గరికి దిగాయి.

"రెండేళ్ళ కిందటి తారీఖే ఇది" అన్నాడు హుస్సేన్ సాహెబ్ మెల్లగా.

"అవును. రెండేళ్ళుగా నాకు తెలుసు. నా గది పోతుందని, నా పరువు పోతుందని చెప్పలేదు. ఇందులో ఉన్న రహస్యం ఇదొక్కటే" అన్నారు మాస్టారు.

ఈసారి నమ్మారు. ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు. అప్పుడు వీరమ్మ, ఎత్తిపొడుపు ఏ కోశానా లేకుండా, ఏదో సర్దిచెబుతున్నట్టు అంది. "మీరు బాధపడమాకండి మాస్టారూ. ఎవరికీ కనబడకూడదనే ఈయన దాని మీద సున్నం కొట్టాడు. ఒక కోటుకి ఎరుపు పైకి తేలిందని రెండో కోటు కూడా కొట్టాడు. నలుగురూ చూస్తే మాస్టారికి మాటొస్తదన్నాడు."

"నువ్వూరుకోవే" అన్నాడు జక్రయ్య, ఇటుకల మీద నుంచి తలెత్తకుండా.

తను గుండెల నిండా పీల్చుకున్న ఆ ఊపిరి ఎవరిదో మాస్టారికి అప్పుడు తెలిసింది. నడుం వంచి ఒక ఇటుక తీసి, మట్టి గీకి, జక్రయ్య పేర్చిన వరస మీద పెట్టారు. అది వంకరగా ఉంటే జక్రయ్య సరిచేశాడు. సాయంత్రం దాకా ఆయన తీస్తూనే ఉన్నారు, అతను సరిచేస్తూనే ఉన్నాడు.

ఆ తర్వాత సంగతులు పెద్ద గొప్పవేం కావు. మాస్టారు తన బోరు మూసేశారు. నాలుగిళ్ళకు ఒక బోరు చాలన్న మాట మీటింగులో నెగ్గడానికి ఏడాది పట్టింది. త్రినాథ్ ట్యాంకర్లు ఆపింది మాత్రం మీటింగు మాట విని కాదు, ఆయన బోరులో అచ్చం ఉప్పునీళ్ళు పడ్డాక. వాననీళ్ళు ఇంకడానికి గుంటలు ఎక్కడ తవ్వాలో జక్రయ్య పైపుతో చూసి చెబుతాడు. పైపు రెండో కొస మాస్టారు పట్టుకుంటారు. ఎవరైనా దిక్కు సంగతి అడిగితే, "నన్నడక్కండి, నేను పైపు పట్టుకునేవాణ్ణి" అంటారు.

ఆ ఏడు క్రిస్మస్‌కు జక్రయ్య సున్నం కలుపుతుంటే మాస్టారు ఎనామిల్ డబ్బా పట్టుకుని వచ్చారు.

"ఆ గీత మీద మాత్రం వెయ్యకు జక్రయ్యా."

"వచ్చేపోయేవాళ్ళు చదువుతారు సార్. బాగోదు."

"బాగోకూడదనే."

నీళ్ళకు కొట్టుకుపోయి అక్కడక్కడా పెచ్చులు లేచిన అక్షరాలకు మళ్ళీ రంగు వేయడానికి మాస్టారు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "దాటవు" అన్న మాట వంకర పోయింది, తన పేరు ఇంకా వంకర పోయింది. గుడ్డతో తుడిచి మళ్ళీ రాయొచ్చు. తుడవలేదు. కుంచె కడుక్కుని లేచారు.